తొలినాటి పరిశీలన – ఎవరిని చూడాలి?

ఉపాధ్యాయ శిక్షణ పొందిన ప్రతివారికీ తాము చెప్పిన తొలి పాఠం కలకాలం గుర్తుండిపోతుంది. సుద్దముక్క పట్టుకొన్న చేయి వణకడం, నల్లబల్లపై తేదీ వేయడం మరచిపోవడం, నలభై నిమిషాల కోసం వ్రాసుకొన్న పాఠ్యపథకం పన్నెండు నిమిషాలకే పూర్తి కావడం – ఇవన్నీ పదవీ విరమణ సభలలో కూడ పెద్దలు చెప్పుకొని నవ్వుకొనే ముచ్చట్లు. కాని ఆ దినానికి ముందు మరొక దినం ఉన్నది. దానిని గూర్చి ఎవరూ మాట్లాడరు. ప్రాథమిక పాఠశాలలో ఒక తరగతి గది వెనుకభాగాన కూర్చొని, ఒడిలో రికార్డు పుస్తకం పెట్టుకొని, వేరొకరు చెప్పే పాఠాన్ని గమనించే దినం అది. మన పాఠ్యక్రమం దానికి 'పరిశీలన' అని పేరు పెట్టినది. ఉపాధ్యాయుడు కాబోయేవాడు తయారయ్యేదీ, దారి తప్పేదీ ఆ ఒక్క దినంలోనే అని మేము భావిస్తున్నాము. ఇది కొంత అతిశయోక్తిగా తోచవచ్చును. మా కారణాలు మనవి చేసుకొంటాము.

మన శిక్షణకు కాలానుగుణంగా పేర్లు మారుతూ వచ్చినవి. మా తండ్రుల తరం టి.టి.సి. అన్నది. తర్వాత డి.ఎడ్. అయినది. ఇప్పుడు డి.ఎల్.ఎడ్. అంటున్నాము. 1986 నాటి జాతీయ విద్యావిధానం ఫలితంగా జిల్లాకొక విద్యాశిక్షణ సంస్థ ఏర్పడినప్పుడు మన చిత్తూరు జిల్లాకు కార్వేటినగరంలో అట్టి సంస్థ వచ్చినది. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో ప్రకటించిన నిబంధనల ప్రకారం రెండు సంవత్సరాల శిక్షణలో కనీసం 20 వారాలు ఛాత్రోపాధ్యాయులు పాఠశాలలలోనే గడపాలి. ఇది మంచి నిబంధన. పుస్తకాలలోని పిల్లవానికీ బడిలోని పిల్లవానికీ గల దూరం బడికి పోయినవారికే తెలుస్తుంది. అయితే బడికి పోయి ఎవరిని చూడాలి అన్న ప్రశ్నకు మాత్రం మన రికార్డు పుస్తకం ఇచ్చే సమాధానం మాకు తృప్తికరంగా లేదు.

ఆ పుస్తకాన్ని ఒకసారి తెరచి చూడండి. పాఠం ప్రారంభించిన తీరు, ప్రేరణ, కంఠస్వరం, ప్రశ్నలు వేసిన విధానం, నల్లబల్ల వినియోగం, బోధనోపకరణాలు, తరగతి క్రమశిక్షణ, పునశ్చరణ, ఇంటిపని – అన్నీ ఉపాధ్యాయుని గూర్చిన గడులే. చిట్టచివర 'విద్యార్థుల ప్రతిస్పందన' అని అంగుళం వెడల్పు గల గడి ఒకటి ఉంటుంది. అందులో ఎన్నో సంవత్సరాలుగా ఒకే మాట వ్రాయబడుతున్నది: 'బాగున్నది'. ఆ మాట వ్రాయడానికి పలమనేరు దాకా పోనక్కరలేదు. వసతిగృహంలో మంచం మీద పడుకొని కూడ వ్రాయవచ్చును. కొందరు వ్రాస్తారు కూడ. పై తరగతివారి రికార్డు తెచ్చుకొని, పాఠశాల పేరూ తేదీలూ మార్చి, అక్షరం పొల్లుపోకుండ దింపే సంప్రదాయం మన శిక్షణ కళాశాలలన్నింటిలోనూ ఉన్నదని అందరికీ తెలుసు. దానిని సోమరితనం అని మందలించి ఊరుకోవడం పెద్దలకు సులభం. ఏ తరగతికైనా, ఏ ఊరికైనా ఒకేలా సరిపోయే ప్రశ్నలు అడిగినప్పుడు, ఏ తరగతికైనా, ఏ ఊరికైనా సరిపోయే సమాధానాలే వస్తాయి.

ఇంకొక చిక్కు ఉన్నది. కొన్ని బడులలో ఛాత్రోపాధ్యాయులు గేటు దాటి లోపలికి రాగానే, 'ఇద్దరు టీచర్లు సెలవులో ఉన్నారు, మీరు మూడవ తరగతికి పొండి, మీరు నాలుగుకు పొండి' అని పంపిస్తారు. బడుల పేర్లు ఇక్కడ అనవసరం. ఆ ప్రధానోపాధ్యాయుల ఇబ్బందీ మాకు తెలియనిది కాదు. కాని చూడడానికి వచ్చినవానిని చూడనీయకుండ నిలబెట్టి మాట్లాడించినందువల్ల ఆ దినం పోయినది. అది మళ్ళీ రాదు. మరునాటి నుండి అతని చూపంతా తన పాఠం మీదనే ఉంటుంది.

ఇక మా అనుభవానికి వస్తాము. పలమనేరు మూడు రాష్ట్రాల కూడలికి చేరువలో ఉన్న ఊరు. చిత్తూరు నుండి మొగిలి కనుమ ఎక్కి వస్తే తెలుగునాడు. ఒక దిక్కున కొంత దూరం పోతే కన్నడ సీమ. ఇంకొక దిక్కున తమిళ సీమ. ఊరిలో ఉర్దూ, అంటే మన దక్కనీ, మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నవి. సంతలో ఒకే మనిషి టమాటా బేరం తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలో హెచ్చించి, తమిళంలో ముగించడం ఇక్కడ వింత కాదు. పెద్దవారికి ఇది బ్రతుకు తెరువు, కొంత వినోదం కూడ. అయిదేండ్ల పిల్లకు మాత్రం వేరు. ఇంట్లో ఆ పిల్లకు ఒక్క భాషే ఉంటుంది. బడిలో మొదటి పాఠం ఆ భాషలో ఉండకపోవచ్చు.

ఒక్క చిన్న ఉదాహరణ. పాఠంలో పాలు అని ఉన్నది. కన్నడం ఇంట అది హాలు. తమిళం ఇంట పాల్. దక్కనీ ఇంట దూద్. తమిళం పిల్లవాడు సులభంగా అందుకొంటాడు. కన్నడం పిల్లవాడు కొంచెం తడుముకొని అందుకొంటాడు. దక్కనీ పిల్లవాడు ప్రక్కవాని మొగం చూస్తాడు. ఆ ప్రక్కచూపు ఒక్క క్షణం మాత్రమే ఉంటుంది. నల్లబల్ల వైపు తిరిగిన ఉపాధ్యాయినికి అది కనిపించదు. వెనుక కూర్చున్నవానికి, అతడు రికార్డు పుస్తకంలో తల దూర్చకుండ ఉంటే, తప్పక కనిపిస్తుంది.

పిల్లల తప్పులను ఈ దృష్టితో చూస్తే చాలవరకు తప్పులుగా కనిపించవు. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. త, ద లకు ఒకే అక్షరం. ప, బ లకు ఒకే అక్షరం. ఆ ఇంటి నుండి వచ్చిన పిల్లవాడు 'గాలి'ని 'కాలి' అని వ్రాసినప్పుడు అది అజాగ్రత్త అనుకొని పదిమార్లు వ్రాయిస్తాము. వాని అన్న తమిళ బడిలో చదివి ఉంటే ఇంట్లో పలక మీద చూచినది ఆ ఒక్క అక్షరమే. ఉర్దూలో ళ, ణ అనే ధ్వనులు లేవు. అందుచేత 'పళ్ళు' 'పల్లు' అవుతుంది. దీనికి ఎదురు ఉదాహరణ కూడ ఉన్నది. ఉర్దూ నేర్చుకొనబోయిన మన తెలుగు మిత్రులు ఖాఫ్, గైన్ అక్షరాల దగ్గర పడే అవస్థ మా తరగతిలో అందరూ ఎరుగుదురు. పెద్దవారికి గొంతు పలకకపోతే నవ్వి క్షమిస్తాము. పసివానికి గుర్తులు తగ్గిస్తాము.

మాలో ఇద్దరు పలమనేరు ప్రాంతంలోని ఒక బడిలో రెండవ తరగతి వెనుక కూర్చొని చూచిన సంగతి ఇక్కడ చెప్పవలసి ఉన్నది. శరీర భాగాల పాఠం. ఒక్కొక్కరు లేచి ఒక్కొక్క వాక్యం చదవాలి. మూడవ వరుసలోని బాబు లేచినాడు. నాకు రెండు కళ్ళు ఉన్నాయి అని పుస్తకంలో ఉన్నది. అతడు చదివినది 'నాకు రెండు కల్లు'. అంతే, ముందు వరుసలో ఇద్దరు కిలకిల నవ్వినారు. కల్లు అంటే ఏమిటో ఆ ఊరి పిల్లలకు ఎవరూ వేరుగా చెప్పనక్కరలేదు. ఇంకొకడు కుండ ఎత్తి త్రాగుతున్నట్లు చేయి పెట్టినాడు. తరగతి అంతా నవ్వినది. బోర్డు మీద 'ముక్కు' అని వ్రాస్తున్న ఉపాధ్యాయినిగారు వెనుదిరిగి, 'ఏమి ఆ గోల?' అన్నారు. నిశ్శబ్దం. పాఠం సాగినది. ఆమె తప్పు ఏమీ లేదు. ఆమె వీపు వైపున జరిగినది ఆమె ఎట్లా చూస్తారు? ఆ బాబు మధ్యాహ్నం గంట కొట్టేదాకా మరి పెదవి విప్పలేదు. రెండుసార్లు అడిగితే తల అడ్డంగా ఊపినాడు. భోజనం వరుసలో మాత్రం నాలుగవ తరగతిలోని తన అక్కతో దక్కనీలో ఎడతెగకుండ మాట్లాడుతూనే ఉన్నాడు. చేతులు తిప్పుతూ, ఇంకొకరి గొంతు అనుకరిస్తూ, అక్కను నవ్విస్తూ ఉన్నాడు. ఆ పిల్లవానికి మాటలు రావని ఎవరైనా అనగలరా? రికార్డు పుస్తకంలో ఆ గంటకు వ్రాయవలసిన మాటలు మాత్రం ఇవి: తరగతి క్రమశిక్షణ – బాగున్నది. విద్యార్థుల ప్రతిస్పందన – ఒకరిద్దరు మినహా బాగున్నది.

ఆ ఒకరిద్దరి కోసమే పరిశీలన అని మా వాదన.

అదే ఊరిలో వేరొక తరగతిలో ఒక పాప తెలుగు నోటుపుస్తకాన్ని చివరి అట్ట వైపు నుండి తెరచి వ్రాయడం చూచినాము. ఉదయం బడికి రాకముందే అరబీ, ఉర్దూ అక్షరాలు నేర్చుకొనే ఇండ్లలో ఇది సహజం. ఉర్దూ పుస్తకం మొదలయ్యేది ఆ వైపుననే; వ్రాత సాగేది కుడి నుండి ఎడమకు. ఆ పాపకు పుస్తకం పట్టుకోవడం రాదని అనుకోవడం ఎంత పొరపాటో చూడండి. ఆరేండ్లకే రెండు దిక్కులలో వ్రాయడం నేర్చుకొంటున్న పిల్ల ఆమె. ఇంకొక విచిత్రం ఏమిటంటే, లెక్కల పుస్తకంలో అంకెలు మాత్రం ఆమె మనవలెనే ఎడమ నుండి వేస్తుంది. ఉర్దూలోనూ పెద్ద స్థానం అంకె ఎడమవైపుననే ఉంటుంది కాబట్టి అక్కడ ఆమెకు తికమక లేదు. ఇంత సంగతి ఒక పుస్తకం తెరచిన తీరులో ఉన్నది. చూచేవారు కావాలి.

ఇదంతా మైనారిటీ పిల్లల సమస్య మాత్రమే అని తెలుగు మాతృభాషగా గల మా మిత్రులు నిశ్చింతగా ఉండనక్కరలేదు. మన జిల్లా పిల్లవాడు ఇంట్లో అనేది 'ఉండాది'. పుస్తకంలో ఉన్నది 'ఉన్నది'. వాడు వేసవిలో 'చెనిక్కాయలు' వలిచినాడు. పుస్తకంలో 'వేరుశనగ' అని ఉంటే అది ఏ చెట్టో అనుకొంటాడు. నామిని సుబ్రమణ్యం నాయుడుగారు 'చదువులా చావులా' అని ఒక పుస్తకానికి పేరు పెట్టవలసి వచ్చినది ఈ జిల్లా బడులను చూచినవారు కాబట్టే. అక్షరమాలలో 'ఏ' దగ్గర ఏనుగు బొమ్మ ఉంటుంది. కోస్తా పిల్లలకు అది సర్కసులోనో, దేవస్థానంలోనో కనిపించే ముచ్చటైన జంతువు. పలమనేరు చుట్టుప్రక్కల పల్లెలలో, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడిన అడవి అంచున, ఏనుగు అంటే రాత్రి వచ్చి చెరకు, వరి త్రొక్కిపోయేది. నాన్న టపాకాయలు పట్టుకొని పొలం కావలి పోయిన రాత్రి గుర్తున్న పిల్లవాడు ఆ బొమ్మను చూచి ఏమి అనుకొంటాడో అడిగి చూడవచ్చును. పాఠ్యపథకంలో 'ప్రేరణ' అనే గడి నింపడానికి మేము గంటలు గంటలు తలలు పట్టుకొంటాము; ఆ ప్రేరణ వాని నాలుక చివరనే ఉన్నది.

తరగతి గదిని చూడడంలో ఎంత తేడా ఉంటుందో చరిత్రలో కూడ చూడవచ్చును. 1789 ప్రాంతంలో మద్రాసులోని ఎగ్మూరులో అనాథ బాలుర శరణాలయాన్ని నడిపిన ఆండ్రూ బెల్, ఒక వీధిబడిలో పిల్లలు ఇసుక మీద వ్రేలితో అక్షరాలు దిద్దడం చూచినాడు. పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించే పద్ధతిని తన శరణాలయంలో నడిపి, 1797లో దానిని గూర్చి లండనులో పుస్తకం ప్రకటించినాడు. 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో అది ఇంగ్లండు అంతటా వ్యాపించినది. ఒక్క గురువు క్రింద వందలమందిని కూర్చోబెట్టవచ్చును, ఖర్చు తక్కువ – ఇదే అక్కడివారిని ఆకర్షించినది. వీధిబడిలో అయ్యవారికి ప్రతి పిల్లవాని ఇల్లూ తెలుసు. ఆ పరిచయం మాత్రం ఓడ ఎక్కలేదు.

దీనికి భిన్నంగా, మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించినప్పుడు బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ మరుసటి సంవత్సరం పంపిన నివేదిక ఉన్నది. అప్పటికి మన పలమనేరు ఉత్తర ఆర్కాటులో భాగం. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. అయినా బళ్ళారి సీమ బడులు మన బడులకు దూరపువి కావు. మిగతా కలెక్టర్లలో పలువురు బడుల సంఖ్య, పిల్లల సంఖ్య వ్రాసి సంతకం చేసినారు. క్యాంప్‌బెల్ బడిలోకి తొంగిచూచినాడు. ఉదయం అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాస్తారని, రెండవవాని చేతిలో సున్న చుడతారని, మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఇట్లా ఆలస్యం పెరిగినకొద్దీ దెబ్బలు పెరుగుతాయని వ్రాసినాడు. పద్యాలన్నీ పిల్లలు కంఠస్థం చేసి గడగడ అప్పగిస్తున్నారు గాని, ఆ భాష వారు మాట్లాడే భాష కానందువల్ల అర్థం తెలియడంలేదని కూడ వ్రాసినాడు. రెండు వందల సంవత్సరాల క్రిందటి మాట! పరాయి దేశపు కలెక్టరు చూడగలిగిన దానిని, ఆ బడిలోనే చదివి వచ్చిన మేము ఒక్క దినం కూర్చొని చూడలేమా?

ఇంకొక ఉదాహరణ తెలుగువారందరూ ఎరిగినదే. ఇరవయ్యవ శతాబ్ది మొదటి దశకంలో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఏ. యేట్స్, తరగతులలో పంతుళ్ళు నేర్పుతున్న తెలుగుకూ వీధిలో జనం మాట్లాడే తెలుగుకూ పొంతన లేకపోవడం గమనించి, ఇదేమిటని పెద్దలను ప్రశ్నించినాడు. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తి పంతులుగారి దాకా వచ్చినది. ఆ తర్వాత జరిగిన వ్యావహారిక భాషోద్యమ చరిత్ర మనకు పాఠ్యాంశం. ఒక తరగతి గదిలో ఒకరికి కలిగిన సందేహం ఒక భాష వ్రాతనే మార్చినది. గిడుగువారు (1863–1940) అంతకు ముందే పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరల భాషను స్వయంగా నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు వ్రాసి, ఆ పిల్లల కోసం బడులు పెట్టించినారు. పిల్లవానికి ఉపాధ్యాయుని భాష రాకపోతే పిల్లవానిది తప్పు అనేది లోకాచారం. ఉపాధ్యాయుడే పిల్లవాని భాష నేర్చుకోవాలన్నది గిడుగువారి ఆచరణ. హైదరాబాదులో 1897లో జన్మించి, తరువాత రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుసేన్‌గారి అధ్యక్షతన 1937–38లో పనిచేసిన వార్ధా విద్యాసంఘం కూడ ఏడు సంవత్సరాల విద్య మాతృభాషలోనే జరగాలని కోరినది. రాజ్యాంగంలోని 350-ఏ అధికరణం (ఇది 1956లో చేరినది) భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించడానికి ప్రయత్నించాలని రాష్ట్రాలకు చెప్పుతున్నది. 2009 విద్యాహక్కు చట్టం 29వ విభాగం సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలని అన్నది. చట్టాలు ఇట్లా ఉన్నవి. 2019 నవంబరులో మన రాష్ట్రప్రభుత్వం 1 నుండి 6 వరకు తరగతులను ఆంగ్ల మాధ్యమానికి మార్చుతూ ఉత్తర్వులు ఇవ్వడం, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేయడం, ఆపైన ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ముద్రించిన పుస్తకాలు పిల్లల చేతికి రావడం అందరికీ తెలిసినవే. ఇంగ్లీషు కావాలన్న తల్లిదండ్రుల కోరికను మేము చులకన చేయము. మా ఇండ్లలోనూ అదే కోరిక. ఒక్క సంగతి మాత్రం గుర్తుచేస్తున్నాము: దక్కనీ ఇంటి నుండి వచ్చిన పిల్లకు ఆ పుస్తకంలోని రెండు పుటలూ పరాయివే.

భాష తర్వాత వెనుక బల్ల నుండి కనిపించే రెండవ సంగతి, పాఠం జరగని తరగతి. మా పాఠ్యపథకాలన్నీ ఒక గది, ఒక తరగతి, ఒక ఉపాధ్యాయుడు, ఒక పాఠం అన్న ఊహ మీద వ్రాసినవి. విద్యాహక్కు చట్టం ప్రకారమే 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు. అయిదు తరగతులకు ఇద్దరు! అంటే ఒకరు రెండవ తరగతికి పాఠం చెప్తున్నంతసేపు అదే గదిలో మొదటి తరగతి ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. ఏమి చేస్తున్నది? 'ఎక్కాలు వ్రాసుకోండి' అన్న మాట మీద ఎంతసేపు నిలబడుతుంది? మేము చూచినంతలో అయిదారు నిమిషాలు. ఆ తర్వాత పలకలు ఒకరివి ఒకరు తుడుచుకోవడం, బలపం కొరకడం, ప్రక్క తరగతి పాఠానికి చెవి ఒగ్గడం. ఈ చివరిది మాకు చాల ఆశ్చర్యం కలిగించినది. రెండవ తరగతిని అడిగిన ప్రశ్నకు మొదటి తరగతి నుండి ఒక పాప గొణుగుతూ సమాధానం చెప్పినది. ఎవరూ వినలేదు. ఆమె కూడ ఎవరికోసమో చెప్పలేదు.

ఈ గదిని ఉన్నదున్నట్లుగా చూచి పని మొదలుపెట్టినవారు మనకు చేరువలోనే ఉన్నారు. మదనపల్లె దగ్గరి ఋషివ్యాలీ విద్యాసంస్థవారు చుట్టుప్రక్కల పల్లెలలో నడిపిన చిన్న బడులలో, 1980ల నుండి, అన్ని తరగతుల పిల్లలూ ఒకే గదిలో ఒకే ఉపాధ్యాయునితో ఉండడాన్ని లోపంగా భావించి ఏడవకుండ, దానికి తగిన పద్ధతిని తయారుచేసినారు. పాఠ్యాంశాన్ని చిన్నచిన్న మెట్లుగా విడదీసి, మెట్టుకు కొన్ని కార్డులు వ్రాసి, గోడ మీద నిచ్చెన పటం పెట్టినారు. తాను ఏ మెట్టు మీద ఉన్నదో ప్రతి పిల్లకూ తెలుసు. ఆ కార్డు తానే తెచ్చుకొంటుంది. ఉపాధ్యాయుడు అవసరమైన గుంపు దగ్గర కూర్చొంటాడు. కర్ణాటకలో 1995లో హెగ్గడదేవన కోటె ప్రాంతంలో మొదలైన 'నలి–కలి'కి, తర్వాత చెన్నై నగరపాలక పాఠశాలలలో వచ్చిన మార్పుకు మార్గం చూపినది ఇదే. పలమనేరు నుండి మదనపల్లెకు పుంగనూరు మీదుగా పోతే కొద్ది గంటల ప్రయాణం. మన రికార్డు పుస్తకంలో దానికి ఒక్క గడి అయినా లేదు. కార్డులను ముద్రించి పంచితే చాలుననుకొన్న చోట ఈ పద్ధతి చప్పబడినదన్న విమర్శ కూడ ఉన్నది. ఆ విమర్శలో నిజం లేకపోలేదని మా అభిప్రాయం. కార్డు వెనుక ఉన్నది పిల్లవానిని చాలకాలం చూచిన చూపు. అది ముద్రణాలయంలో దొరకదు.

అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు కొందరు మా మాట విని నవ్వినారు. 'ముందు తరగతిని అదుపులో పెట్టడం నేర్చుకోండి. పిల్లల మొగాలు చూస్తూ కూర్చుంటే సిలబస్ ఎవరు పూర్తిచేస్తారు?' అన్నారు. వారి మాటను త్రోసివేయలేము. గంట గంటకూ సెల్‌ఫోనులో నింపవలసిన వివరాలు, భోజనం లెక్కలు, బియ్యం లెక్కలు, వీటి మధ్య పాఠం. వారి స్థానంలో ఉంటే మేమూ అట్లే అంటామేమో. కాని వారి మాటలోనే మా వాదనకు బలం ఉన్నది. ముప్పది సంవత్సరాల ఉద్యోగంలో ఉపాధ్యాయునికి సిలబస్ బరువు లేకుండ, అదుపు బాధ్యత లేకుండ, నోరు విప్పవలసిన పని లేకుండ తరగతిలో కూర్చొనే అవకాశం ఆ తొలి దినాలలో తప్ప ఎప్పుడు వస్తుంది? దానిని కూడ కంఠస్వరం బాగున్నదా, నల్లబల్ల వాలు సరిగా ఉన్నదా అని గుర్తులు వేయడానికి ఖర్చుచేయడం మాకు న్యాయంగా తోచదు. పైగా ఇరవై సంవత్సరాలుగా బోధిస్తున్నవారికి, నిన్న మొన్న శిక్షణలో చేరిన మేము 'ప్రేరణ – మధ్యమం' అని వ్రాయడం ఏమి మర్యాద?

మా అధ్యాపకులకు మేము సమర్పించుకొన్న విన్నపం చాల చిన్నది. రికార్డు పుస్తకంలోని గడులు ఉండనివ్వండి. విశ్వవిద్యాలయాలను, మండళ్ళను కదిలించే శక్తి మాకు లేదు. మొదటి దినానికి మాత్రం ఒక తెల్ల కాగితం వేరుగా ఇవ్వండి. దాని మీద ఉపాధ్యాయుని ప్రసక్తి వద్దు. ఒక్క పిల్లవానిని లేక పిల్లను ఎన్నుకొని, ప్రార్థన గంట నుండి ఇంటిగంట దాకా ఆ ఒక్కరు ఏమి చేసినారు, ఎవరితో ఏ భాషలో మాట్లాడినారు, ఎప్పుడు మాట్లాడడం మానినారు, ఏ మాట దగ్గర ప్రక్కవాని మొగం చూచినారు, భోజనం దగ్గర ఎవరి ప్రక్కన కూర్చున్నారు – ఇంతే వ్రాయమనండి. పేరు వ్రాయనక్కరలేదు. ఇది పై తరగతివారి రికార్డు నుండి దింపుకోవడానికి కుదరదు. పాఠశాలలకు కూడ ముందుగానే ఒక ఉత్తరం పంపి, ఆ దినం మాత్రం మమ్మల్ని సెలవులో ఉన్నవారి బదులు తరగతులకు పంపవద్దని కోరండి. మూడవ రోజు నుండి ఏ పని చెప్పినా చేస్తాము.

రెండు భాషల వారమూ ఒకే కప్పు క్రింద చదువుకొంటున్న మా కళాశాలకు ఇందులో ఒక సౌకర్యం ఉన్నది. ఈ సంవత్సరం పాఠశాలలకు బయలుదేరే ముందు తెలుగు మాధ్యమం మిత్రులు కొందరు, ఉర్దూ మాధ్యమం మిత్రులచేత నోటుపుస్తకం చివరి పుటలో కొన్ని మాటలు తెలుగు లిపిలో వ్రాయించుకొన్నారు. 'హౌ' అంటే అవును. 'నక్కో' అంటే వద్దు. 'కైకు' అంటే ఎందుకు. 'సమ్‌జా క్యా' అంటే అర్థమైనదా. 'భూక్ లగ్రీ క్యా' అంటే ఆకలి అవుతున్నదా. దానికి బదులుగా ఉర్దూ మిత్రులు ళ, ణ లను, 'ఉండాది'ని సాధన చేసినారు. ఆ పుట ఇప్పటికి ఇరవై ఏడు మాటలు దాటినది. కన్నడం, తమిళం మాటలు చేర్చడానికి ప్రక్కనే రెండు వరుసలు ఖాళీగా గీసిపెట్టినాము. ఆ భాషలు తెలిసిన మిత్రులు వచ్చి వ్రాయవలసినదిగా కోరుతున్నాము.